వెబ్‌సైట్‌కు కీవర్డ్‌లు ఎలా వెతకాలి, ఎలా ఎంచుకోవాలి

"నా సైట్‌కు ఏ కీవర్డ్‌లు పెట్టాలి?" "నెలకు ఎన్ని సెర్చ్‌లు ఉంటే మంచి కీవర్డ్ అనుకోవాలి?" "డబ్బు కట్టే టూల్ లేకుండా కుదరదా?" కొత్తగా వెబ్‌సైట్ పెట్టినవాళ్లు అటు తిప్పి ఇటు తిప్పి అడిగేవి ఈ మూడే. ప్రతిసారీ ముక్కముక్కలుగా జవాబు చెప్పేకంటే, పని మొత్తాన్ని వరుసగా ఒకచోట పెడుతున్నాను.

కీవర్డ్ అంటే జనం గూగుల్ లాంటి చోట వెతకడానికి టైప్ చేసే మాట. అసలు మాట ముందే చెప్పేస్తాను. సెర్చ్‌ల సంఖ్య చూసి కీవర్డ్ ఎంచుకోకండి. ఆ మాట వెతికితే వచ్చే ఫలితాల పేజీ చూసి ఎంచుకోండి. నెలకు లక్షసార్లు వెతికే మాట అయినా, మొదటి పేజీలో మీలాంటి సైట్‌కు చోటు లేకపోతే ఆ లక్షలో మీకు వచ్చేది ఏమీ ఉండదు. కింద చెప్పే పనుల్లో 5వ దానికి అందుకే ఎక్కువ సమయం ఇవ్వండి.

ఉదాహరణకు, ఇంట్లో కుండీల్లో మొక్కలు పెంచడం గురించి ఒక సైట్ ఉందనుకుందాం. మీ విషయం వేరే అయినా పద్ధతి ఇదే.

కావలసినవి

ఒక స్ప్రెడ్‌షీట్. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్ నమోదై ఉండాలి. గూగుల్‌లో మీ సైట్ ఏ మాటలకు, ఏ స్థానంలో కనిపిస్తోందో చూపించే టూల్ ఇది, ఉచితం. సైట్ కొత్తదైనా ఇవాళే నమోదు చేయండి, ఎందుకంటే సమాచారం చేరడం అప్పటినుంచే మొదలవుతుంది. గూగుల్ యాడ్స్ (ప్రకటనల) ఖాతా ఉంటే, ఏ మాటను నెలకు సుమారు ఎన్నిసార్లు వెతుకుతున్నారో చూపించే కీవర్డ్ ప్లానర్ దొరుకుతుంది. ప్రకటనలు ఇవ్వక్కర్లేదు కానీ ఖాతా సెటప్ పూర్తిచేయాలి, బిల్లింగ్ వివరాలు అడగొచ్చు. అవి ఇవ్వడం ఇష్టం లేకపోతే బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో ఉచితంగా కీవర్డ్ రీసెర్చ్ ఉంది, దానితో మొదలుపెట్టండి. ఒక మాట మీద ఆసక్తి కాలంతో పాటు ఎలా మారుతోందో చూపించే గూగుల్ ట్రెండ్స్‌కు ఖాతా కూడా అక్కర్లేదు.

ఏహెచ్‌రెఫ్స్, సెమ్‌రష్ లాంటి డబ్బు కట్టే టూల్స్ పని త్వరగా అయ్యేలా చేస్తాయి, నిజమే. కానీ వంద పేజీల లోపు ఉన్న సైట్‌కు అవి తప్పనిసరి కాదు. ముందు ఈ పని చేత్తో ఒకసారి చేయండి. ఆ తర్వాత టూల్ కొన్నా, అది చూపించే అంకెల్లో దేన్ని నమ్మాలో మీకు తెలుస్తుంది.

1. మీరు నిజంగా చెప్పగలిగినవి రాసుకోండి

టూల్ తెరవకముందే ఒక కాగితం తీసుకోండి. మీ సైట్ ఏ విషయాల్లో జవాబు చెప్పగలదో పది పదిహేను మాటలు రాయండి. మన ఉదాహరణలో అయితే: కుండీ మట్టి, మనీ ప్లాంట్, ఆకులు పసుపు రంగులోకి మారడం, ఎండ తగలని గదిలో మొక్కలు, నీళ్లు పోయడం, తెల్లదోమ. వీటిని మూల పదాలు అందాం.

ఇక్కడ సాధారణంగా జరిగే తప్పు, ఆ రంగంలో పనిచేసేవాళ్ల భాషలో రాయడం. "పోషకాల లోపం" అని మీరు రాస్తారు. మొక్క పాడవుతున్న మనిషి "ఆకులు ఎందుకు పసుపు అవుతున్నాయి" అని వెతుకుతాడు. మీకు వచ్చే మెయిల్స్, ఫోన్ ప్రశ్నలు, వ్యాఖ్యలు తిరగేయండి. జనం అడిగిన మాటలను సరిదిద్దకుండా యథాతథంగా షీట్‌లోకి దించండి. మీ సైట్‌లో సెర్చ్ బాక్స్ ఉంటే అందులో ఏం టైప్ చేస్తున్నారో కూడా చూడండి. ఏ టూల్‌లోనూ దొరకని జాబితా అది.

2. జాబితాను పెంచండి

ఒక్కో మూల పదాన్ని గూగుల్‌లో టైప్ చేసి, ఎంటర్ కొట్టకుండా ఆగండి. కింద వచ్చే సూచనలు జనం నిజంగా వెతికే మాటల నుంచే పుడతాయి. పదం చివర ఒక ఖాళీ వదిలి ఒక్కో అక్షరం చేర్చుకుంటూ పోతే సూచనలు మారుతుంటాయి. పదం ముందు "ఎలా", "ఎందుకు", "ఎప్పుడు" చేర్చి కూడా చూడండి. తర్వాత ఎంటర్ కొట్టి, ఫలితాల మధ్య వచ్చే ప్రశ్నల పెట్టెను, పేజీ అడుగున ఉండే సంబంధిత సెర్చ్‌లను రాసుకోండి. ప్రశ్నల పెట్టెలో ఒకదాన్ని నొక్కితే కింద మరికొన్ని తెరుచుకుంటాయి, కానీ రెండు మూడు నొక్కేసరికి విషయం పక్కదారి పడుతుంది. అక్కడితో ఆపండి.

సైట్‌కు కొన్ని నెలల వయసు ఉంటే ఇంతకంటే మంచి చోటు సెర్చ్ కన్సోల్. పర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి క్వెరీల (జనం వెతికిన మాటల) జాబితా చూడండి. మీరు ఊహించని మాటలకు మీ పేజీలు ఇప్పటికే కనిపిస్తూ ఉండొచ్చు. ముఖ్యంగా ఇంప్రెషన్లు (మీ పేజీ ఫలితాల్లో కనిపించిన సార్లు) బాగా ఉండి, సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్నవాటిని వేరే రంగుతో గుర్తుపెట్టుకోండి. వాటి సంగతి 8వ పనిలో వస్తుంది.

ఈ దశలో వడపోత వద్దు. వంద, నూట యాభై మాటలు వచ్చినా రానివ్వండి.

3. జనం ఎలా టైప్ చేస్తున్నారో చూడండి

ఒకే అవసరాన్ని ఒకరు సొంత లిపిలో, మరొకరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఇంకొకరు పూర్తిగా ఇంగ్లీషులో టైప్ చేస్తారు. తెలుగులో రాసేవాళ్లు ఈ మూడు రూపాలనూ విడిగా వెతికి చూడాల్సిందే. ఏ రూపానికి సూచనలు ఎక్కువ వస్తున్నాయి, ఫలితాల్లో ఏ భాష పేజీలు వస్తున్నాయి అన్నది షీట్‌లో పక్కనే రాయండి. తెలుగు లిపిలో వెతికినప్పుడు సరైన జవాబు ఉన్న పేజీ ఒక్కటీ కనబడకపోతే, అది మీకు మంచి అవకాశం.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును పేజీ నిండా చొప్పించకండి. చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది, మీ మీద నమ్మకం కూడా తగ్గుతుంది. అక్షరదోషాలకు వేరే పేజీలు చేయడమూ అనవసరం. స్పెల్లింగ్ తేడాలను సెర్చ్ ఇంజిన్లు చాలావరకు అవే సర్దుకుంటాయి.

4. అంకెలు తెచ్చుకోండి, కానీ వాటి హద్దు తెలుసుకోండి

కీవర్డ్ ప్లానర్‌లో మీ జాబితాను పేస్ట్ చేయండి. మీ పాఠకులు ఉండే ప్రాంతం, భాష సరిగా పెట్టారో లేదో ముందు చూడండి. ఇది మరిచిపోతే వచ్చే అంకెలన్నీ వేరే ఎవరివో అవుతాయి. వచ్చిన నెలవారీ సగటును షీట్‌లో ఒక కాలమ్‌గా పెట్టండి.

ఇక జాగ్రత్తలు. ప్రకటనలకు ఖర్చు పెట్టని ఖాతాకు ప్లానర్ కచ్చితమైన అంకె ఇవ్వదు, "100 నుంచి 1,000" లాంటి విస్తృతమైన హద్దులు చూపిస్తుంది. దగ్గరి రూపాలను, అంటే ఏకవచనం బహువచనం లాంటివాటిని, తరచూ ఒకే అంకెలో కలిపేస్తుంది. అన్నిటికంటే ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది అందులోని "పోటీ" అనే కాలమ్. ఆ మాటకు ప్రకటనదారులు ఎంతమంది పోటీపడుతున్నారో మాత్రమే అది చెబుతుంది. మామూలు ఫలితాల్లో పైకి రావడం తేలికా కష్టమా అన్నదానికి, దానికి సంబంధం లేదు. "పోటీ తక్కువ" అని చూసి సంబరపడి నెలల తరబడి రాసి, ఫలితం రాక నీరుగారిపోయినవాళ్లు చాలామంది ఉంటారు.

గూగుల్ ట్రెండ్స్ ఇచ్చే 0 నుంచి 100 అంకె కూడా సెర్చ్‌ల లెక్క కాదు. మీరు ఎంచుకున్న కాలంలో, ప్రాంతంలో ఆసక్తి గరిష్ఠంగా ఉన్న చోటును 100 అనుకుని, మిగతావాటిని దానితో పోల్చి చూపిస్తుంది. ఒకేసారి కొన్ని మాటలను పోల్చుకోవచ్చు. ఇది రెండు పనులకు బాగుంటుంది: ఒకే అర్థమున్న రెండు మాటల్లో జనం దేన్ని ఎక్కువ వాడుతున్నారో తేల్చుకోవడానికి, ఒక విషయం ఏ నెలల్లో పెరుగుతుందో చూడటానికి. రుతువును బట్టి పెరిగే విషయమైతే, పేజీని ఆ కాలం రాకముందే సిద్ధం చేసి ఉంచండి.

టూల్ సున్నా చూపించిందని మంచి ప్రశ్నను కొట్టేయకండి. రోజూ వచ్చే సెర్చ్‌లలో దాదాపు 15 శాతం అంతకుముందెప్పుడూ చూడనివేనని గూగుల్ చాలాసార్లు చెప్పింది. పొడవైన, నిర్దిష్టమైన ప్రశ్నలు టూల్స్ లెక్కకు అందవు. తెలుగు లాంటి భాషల్లో ఇది ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు మనుషులు మీకే నేరుగా రాసి అడిగిన ప్రశ్న అయితే, టూల్ ఏమన్నా సరే ఉంచేయండి.

5. ఫలితాల పేజీని చదవండి

జాబితాలో పనికొచ్చేలా ఉన్న ప్రతి మాటనూ ప్రైవేట్ విండోలో వెతకండి. మీ పాత సెర్చ్‌ల ప్రభావం తగ్గుతుంది. అయితే ప్రైవేట్ విండో మీరున్న ప్రాంతాన్ని దాచదు, కాబట్టి వేరేచోట కూర్చున్నవాళ్లకు ఫలితాలు కొంత వేరుగా రావచ్చు. మీ పాఠకులు ఎక్కువగా ఫోన్లో చదివేవాళ్లయితే ఫోన్లోనే చూడండి.

ఇప్పుడు మొదటి పది ఫలితాలనూ నెమ్మదిగా చూస్తూ ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి.

ఏ రకం పేజీలు వచ్చాయి? వ్యాసాలా, అమ్మకం పేజీలా, వీడియోలా, మ్యాప్ మీద దుకాణాలా? "సిరామిక్ కుండీ" అని వెతికితే మొత్తం అమ్మకం పేజీలే వచ్చాయనుకోండి. వెతికేవాళ్లు కొనడానికే వస్తున్నారని సెర్చ్ ఇంజిన్ తేల్చుకుందన్నమాట. అక్కడ మీ వ్యాసం ఎంత బాగున్నా పైకి రావడం కష్టం. అదే "మొక్కను పెద్ద కుండీలోకి ఎలా మార్చాలి" అంటే వివరణలు, వీడియోలు వస్తే, మీ వ్యాసానికి చోటుంది. కీవర్డ్ వెనుక ఉన్న ఉద్దేశం అంటే ఇదే. తెలుసుకోవడానికా, ఫలానా సైట్‌కే వెళ్లడానికా, ఏదైనా పని పూర్తిచేయడానికా అని సెర్చ్‌లను మూడు రకాలుగా ఆండ్రీ బ్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2002లోనే విభజించాడు. ఇప్పటికీ చాలామంది ఆ విభజన మీదే ఆధారపడుతున్నారు. మీకు ఆ పేర్లు గుర్తుండక్కర్లేదు, పేజీ చూస్తే తెలిసిపోతుంది.

జవాబు పైనే దొరికిపోతోందా? ఒక్క వాక్యంలో తేలిపోయే ప్రశ్న అయితే జవాబు పెట్టెలోనో, గూగుల్ 2024లో తెచ్చిన ఏఐ ఓవర్‌వ్యూలోనో (ఫలితాల పైన ఏఐ రాసి చూపించే జవాబులోనో) చదివేసి వెళ్లిపోతారు, క్లిక్ ఉండదు. మీరు రాయాల్సింది, పైన జవాబు కనిపించినా "ఇంకా వివరంగా చూడాలి" అనిపించే విషయాల మీద: ఫోటోలతో గుర్తుపట్టాల్సినవి, మెట్లుమెట్లుగా చేయాల్సినవి, అనుభవంతోనే చెప్పగలిగినవి.

వచ్చిన పేజీలు అడిగినదానికి సూటిగా జవాబిస్తున్నాయా? నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. "ఎండ తగలని గదిలో మనీ ప్లాంట్ ఆకులు పసుపు" అని వెతికితే, మనీ ప్లాంట్ గురించి సాధారణ వ్యాసాలు వచ్చి, వాటిలో ఎక్కడో ఒక పేరాలో ఈ సంగతి ఉందనుకోండి. అంటే దీనికోసమే రాసిన పేజీ ఇంకా లేదు. చర్చా వేదికల్లో ఎవరో అడిగిన ప్రశ్న మొదటి పదిలోకి వచ్చినా అర్థం అదే. ఇలాంటి మాట కనబడితే షీట్‌లో నక్షత్రం గుర్తు పెట్టండి.

ఎవరి సైట్లు అవి? పదికి పదీ పేరున్న పెద్ద సైట్లే అయి, పైగా విషయాన్ని బాగా రాసి ఉంటే, ప్రస్తుతానికి ఆ మాటను వదిలేయండి. మీ స్థాయి సైట్లు రెండు మూడు కనిపిస్తే ప్రయత్నించవచ్చు. ఆరోగ్యం, డబ్బు లాంటి విషయాల్లో ఇంకా కఠినంగా ఆలోచించండి. వాటిలో నమ్మకానికి గూగుల్ ఎక్కువ బరువు ఇస్తుంది.

డబ్బు కట్టే టూల్ ఉంటే అది ఒక్కో కీవర్డ్‌కు 0 నుంచి 100 మధ్య కష్టం అంకె చూపిస్తుంది. అది గూగుల్ ఇచ్చింది కాదు, ఆ కంపెనీ సొంత అంచనా. ఒక్కో టూల్ లెక్క ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక టూల్‌లోని 30ని మరోదానిలోని 30తో పోల్చకండి. ఏహెచ్‌రెఫ్స్ అంకె ప్రధానంగా పైన ఉన్న పేజీలకు ఎన్ని సైట్లు లింక్ ఇచ్చాయన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ పేజీలు ప్రశ్నకు సరిగ్గా జవాబిస్తున్నాయా అన్నది అందులో తెలియదు. మీ కళ్లతో చూసిందే నమ్మండి.

6. ఒకే అవసరం ఉన్న మాటలను ఒక గుంపు చేయండి

"మనీ ప్లాంట్ ఆకులు పసుపు", "మనీ ప్లాంట్ ఆకులు ఎందుకు పసుపు అవుతాయి", "మనీ ప్లాంట్ పసుపు ఆకులు ఏం చేయాలి" అనే మూడింటికీ మూడు పేజీలు రాయడం పాత పద్ధతి. సెర్చ్‌లో 2013లో హమ్మింగ్‌బర్డ్, 2019లో బెర్ట్ అనే మార్పులు వచ్చాక గూగుల్ మాటల్ని విడివిడిగా కాక మొత్తం ప్రశ్న అర్థాన్ని చూడటంలో చాలా మెరుగుపడింది. ఒక మంచి పేజీ ఈ మూడింటికీ సరిపోతుంది.

అనుమానం ఉంటే ఇలా తేల్చుకోండి. రెండు మాటలనూ విడిగా వెతికి మొదటి పది ఫలితాలను పక్కపక్కన పెట్టండి. సగం కంటే ఎక్కువ అవే పేజీలైతే ఒకే గుంపు. ఒకటీ రెండూ మాత్రమే కలిస్తే వేరు పేజీలు. మధ్యలో ఉంటే ఒకే పేజీతో మొదలుపెట్టండి, అవసరమైతే తర్వాత విడదీయవచ్చు.

ఒక్కో గుంపుకు ఒక ప్రధాన కీవర్డ్, దాని పక్కన రాయబోయే పేజీ పేరు పెట్టండి. ఇప్పుడు మీ నూట యాభై మాటలు ముప్పై నలభై గుంపులకు దిగుతాయి.

7. మీ సైట్‌లో ఇప్పటికే ఉందేమో చూడండి

గూగుల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో సైట్ (site) అని టైప్ చేసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు రాసి, ఆ తర్వాత కీవర్డ్ చేర్చి వెతకండి. ఆ విషయం మీద మీరు రాసిన పాత పేజీలు వస్తాయి. ఒకే అవసరానికి రెండు పేజీలుంటే అవి ఒకదానితో ఒకటి పోటీపడొచ్చు. సెర్చ్ కన్సోల్‌లో ఆ క్వెరీని నొక్కి పేజీల ట్యాబ్‌కు వెళ్తే, ఒక వారం ఒక పేజీ, మరో వారం ఇంకోటి కనిపించడం గమనించవచ్చు. మంచి పేజీలోకి రెండో దానిలోని పనికొచ్చే భాగాన్ని కలిపి, రెండో చిరునామాను 301 రీడైరెక్ట్‌తో (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే అమరికతో) మొదటిదానికి మళ్లించండి. రీడైరెక్ట్ లేకుండా ఊరికే తొలగిస్తే దానికున్న లింకులు వృథా అవుతాయి.

8. ఏది ముందు రాయాలో తేల్చండి

ప్రతి గుంపుకు మూడు విషయాల్లో 1 నుంచి 3 వరకు మార్కులు వేయండి: మీ సైట్‌కు ఎంత సరిపోతుంది, మొదటి పేజీలోకి వచ్చే వీలెంత, వచ్చిన పాఠకుడు మీకు ఎంత ముఖ్యం. సెర్చ్‌ల సంఖ్యను మొత్తం మార్కులు సమానమైనప్పుడు మాత్రమే చూడండి. సరిపోలడంలో 1 వచ్చిన మాటకు మిగతావి ఎంత వచ్చినా పక్కన పెట్టండి.

రాయడం మొదలుపెట్టేముందు 2వ పనిలో రంగు వేసిన మాటలకు రండి. ఇప్పటికే 8 నుంచి 20 మధ్య ఉన్న పేజీని మెరుగుపరచడం కొత్త పేజీ రాయడం కంటే సాధారణంగా త్వరగా ఫలితమిస్తుంది. ఆ క్వెరీకి పేజీలో నేరుగా జవాబు ఉందా చూడండి, లేకపోతే ఒక విభాగం చేర్చండి, టైటిల్ (ఫలితాల్లో కనిపించే పేజీ పేరు) సరిచేయండి, మీ వేరే పేజీల నుంచి లింక్ ఇవ్వండి. పేజీ చిరునామాను మాత్రం మార్చకండి.

9. పేజీలో ఎక్కడ వాడాలి

టైటిల్‌లో, ప్రధాన శీర్షికలో, మొదటి పేరాలో సహజంగా ఇమిడితే చాలు. గుంపులోని మిగతా మాటలు ఉపశీర్షికల్లో వాటంతట అవే వస్తాయి. ఫోటోల ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫోటో కనిపించనప్పుడు దాని బదులు వచ్చే వివరణలో) ఫోటోలో ఉన్నది రాయండి, కీవర్డ్‌ల వరుస కాదు.

కీవర్డ్ ఎన్ని శాతం ఉండాలి అని ఇప్పటికీ అడుగుతారు. అలాంటి శాతం ఏదీ లేదు. అదే మాటను పదేపదే కుక్కడం గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధం. పేజీ కోడ్‌లో పెట్టే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు తాను వాడడం లేదని గూగుల్ 2009లోనే తేల్చి చెప్పింది. దాన్ని నింపుతూ కూర్చోవద్దు. రాసిన పేజీని ఒకసారి పైకి చదవండి. ఎక్కడైనా నాలుక తడబడితే అక్కడ కీవర్డ్ బలవంతంగా దూరిందని గుర్తించండి.

10. పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి

ముందుగా సెర్చ్ కన్సోల్‌లో యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌తో పేజీ ఇండెక్స్ అయిందో (గూగుల్ జాబితాలో చేరిందో) లేదో చూడండి. ఇండెక్స్ కాని పేజీకి ర్యాంక్ గురించి టెన్షన్ పడి లాభం లేదు. ఆ తర్వాత కొన్ని వారాలు వదిలేయండి. కొన్ని మార్పులు గంటల్లో, కొన్ని నెలల తర్వాత కనిపిస్తాయి. రోజూ మీ కీవర్డ్ మీరే వెతికి చూసుకుంటే మనశ్శాంతి పోతుంది తప్ప ఏమీ తేలదు.

చూసేటప్పుడు ఆ ఒక్క పేజీకి ఫిల్టర్ పెట్టి క్వెరీలు తెరవండి. సైట్ మొత్తం సగటు స్థానం చూసి నిర్ణయానికి రాకండి. కొత్త మాటలకు కింది స్థానాల్లో కనిపించడం మొదలైతే సగటు దిగజారినట్టు కనిపిస్తుంది, నిజానికి అది ఎదుగుదల. ఏం జరుగుతోందో ఇలా పోల్చుకోండి:

ఇంప్రెషన్లే లేవంటే, పేజీని గూగుల్ ఆ మాటకు సరైనదిగా చూడటం లేదు. 5వ పనికి వెనక్కి వెళ్లి ఉద్దేశం సరిగ్గా పట్టుకున్నారో చూడండి.

ఇంప్రెషన్లు ఉండి స్థానం 30 దాటి ఉంటే, విషయం సరిపోయింది కానీ పేజీకి బలం చాలలేదు. వివరం పెంచండి, లింకులు చూడండి, లేదా అదే విషయంలో ఇంకా నిర్దిష్టమైన మాటకు దిగండి.

స్థానం 5 లోపు ఉండి క్లిక్‌లు రాకపోతే, టైటిల్ ఆకట్టుకోవడం లేదు, లేదా జవాబు పైనే దొరికిపోతోంది. ఫలితాల పేజీని మళ్లీ తెరిస్తే ఏదో తెలుస్తుంది.

క్లిక్‌లు మీరు అనుకోని మాటకు వస్తుంటే, ఆ మాటకు పేజీలో సరైన జవాబు చేర్చండి, లేదా దానికి వేరే పేజీ రాయండి.

క్వెరీల జాబితాలోని క్లిక్‌లను కూడితే రిపోర్ట్ చూపించే మొత్తం కంటే తక్కువ వస్తే కంగారుపడకండి. చాలా తక్కువమంది వెతికిన మాటలను గోప్యత కోసం గూగుల్ జాబితాలో చూపించదు. సెర్చ్ కన్సోల్ 16 నెలల సమాచారమే ఉంచుతుంది, కాబట్టి మూడు నెలలకోసారి ఎగుమతి చేసి దాచుకోండి. రుతువును బట్టి మారే విషయాలను పోయిన నెలతో కాక, పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చాలి. ఎగుమతి చేసిన రోజే షీట్‌లో నక్షత్రం పెట్టిన మాటలను మళ్లీ ఒకసారి వెతికి చూడండి. అప్పటికి ఎవరైనా వాటికి మంచి పేజీ రాసి ఉంటే ఆ నక్షత్రం తీసేసి తర్వాతి గుంపుకు వెళ్లండి.